అక్క సైకిలు

ఆరు కొట్టేసరికి వాన ఆగింది. ఆగిందో, వినపడనంత సన్నబడిందో తేల్చుకోవడానికి ఆమె వెనకగది కిటికీ రెక్క తోసి చెయ్యి బయటపెట్టింది. అరచేతిలో ఒక్క చినుకూ పడలేదు గాని, చూరు నుంచి జారే నీళ్లు కింద రేకు మీద ఒక్కొక్కటిగా, తీరిగ్గా పడుతున్నాయి. రాత్రంతా కురిసిందంటే మైదానం ఈపాటికి కలిపిన పిండిలా అయిపోయి ఉంటుంది. ఏడింటికి బయలుదేరాలి. నాలుగు కిలోమీటర్లు. ఎనిమిదిన్నరలోపు సైకిలుకి నెంబరు అంటించాలి, తొమ్మిదికి పందెం ఈల. అంటే చేతిలో గంట ఉంది. ఈ గంటలో తేలాల్సింది ఒక్కటే, గోడకి ఆనించి ఉన్న ఈ రెండు సైకిళ్లలో ఏది అన్నది. వారం రోజులుగా నానుతున్న సంగతి గంటలో తేలుతుందా అంటే, తేలి తీరాలి, రెండూ తీసుకెళ్లే వీలు లేదు గనక. అసలు వీలుంది, పందెం కాగితంలో రాసి ఉంది. రెండో సైకిలు తెచ్చుకునేవాళ్లు, మైదానం అంచున దాన్ని పట్టుకుని నిలబడే మనిషి పేరు రాయాలట. ఒక సైకిలు బురద మేసి మొరాయిస్తే అది పడేసి ఇది అందుకోవచ్చు. ఆ గడి దగ్గర ఆమె పెన్ను చాలాసేపు ఆగింది. తను పనిచేసే ఆస్పత్రి రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి గుర్తొచ్చింది, కాని ఆదివారం పొద్దున తనకి నిద్రే లోకం. పై వాటాలో ఉండే పెద్దాయన గుర్తొచ్చాడు, పాపం మోకాలు మార్పించుకుని మూడు నెలలైనా కాలేదు. ఇంకెవరూ గుర్తు రాలేదు. నలభై ఏడేళ్ల బతుకులో గంటసేపు ఒక సైకిలు పట్టుకుని నిలబడమని అడగడానికి మూడో పేరు లేకపోవడం ఏమిటని కాసేపు వెతికింది, జేబులో చిల్లర వెతికినట్టు. చివరికి ఆ గడిలో అడ్డంగా గీత గీసింది. ఆ గీత కూడా స్కేలు పెట్టి గీసింది, వంకరగా ఉంటే ఏదో బాధపడుతూ గీసినట్టుంటుందని.

ఇంతకీ ఈ పందెం మనలాంటివాళ్లు చేసేదేనా అని ఆమె మొదట్లో సైకిళ్ల షాపాయన్ని అడిగింది. ఎవరు ఏ సైకిలు కొనడానికొచ్చినా ముందు బ్రేకుల గురించి అరగంట చెప్తాడు గనక ఆయన్ని అందరూ బ్రేకుల బాబాయి అంటారు. ఆయన స్పోకు తిప్పుతూ తల ఎత్తకుండానే చెప్పాడు, "సైక్లోక్రాస్ అంటే ఏం లేదమ్మా, సగం తొక్కుడు, సగం మోత, మిగతాదంతా బురద." గడ్డిలో, ఇసుకలో, బురదలో చుట్లు తిరగాలి. మధ్యలో మోకాలెత్తు చెక్కలు అడ్డం పెడతారు, అక్కడ దూకి దిగి, సైకిలెత్తి, పరిగెత్తి మళ్లీ ఎక్కాలి. ఒకచోట ముప్పై మెట్లుంటాయి, అక్కడ సైకిలు భుజానికెత్తుకోవాలి. మనల్ని మోయాల్సినదాన్ని మనం మోయడం ఏమిటి బాబాయ్ అని అక్క నవ్వింది. అవును, ఆ రోజు అక్క పక్కనే ఉంది. రెండేళ్ల కిందట. షాపు గోడ మీద కాగితం చూసి ముందు ఆగింది అక్కే, పేరిద్దామే అన్నదీ అక్కే. ఆ వారంలోనే ఈ సైకిలు తెప్పించుకుంది, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, గళ్లు గళ్లుగా ఉన్న సన్నటి టైర్లు, చక్రానికీ ఫ్రేముకీ మధ్య బురద జారిపోయేంత సందు. అక్క ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని ఇక్కడే పెట్టింది, అమ్మా తనూ ఉండే ఈ ఇంట్లో, ఈ వెనకగదిలో, బట్టలారేసే తీగ కింద. ఆదివారం పొద్దున్నే తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని, చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి, లేవవే మొద్దూ అని దుప్పటి లాగేది. అమ్మ వంటింట్లోంచి, "ఎవరే వచ్చిందీ" అని కేకేసేది, అంత చప్పుడైనా.

అక్కడికి వస్తే మనసు ఎప్పుడూ పక్కకి తప్పుకుంటుంది. ఆమె వంగి తన సైకిలు చూసుకుంది. తిన్నటి హ్యాండిలు, లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు. ఏడేళ్లుగా దున్నపోతులా నమ్మకంగా పనిచేస్తోంది, బరువు కూడా దున్నపోతంతే. స్థానిక పందెం గనక ఏ సైకిలైనా పర్వాలేదన్నారు. పర్వాలేదు అనడం వేరు, పనికొస్తుంది అనడం వేరు. మూడు నెలలుగా దీంతోనే సాధన చేస్తోంది. పెరట్లో నాలుగిటుకల మీద చెక్క పెట్టి, కుడికాలు వెనకనుంచి ఇటు తెచ్చి, కదులుతుండగానే దిగడం నేర్చుకుంది. మొదటి వారం చెక్కని తన్నింది, రెండో వారం చెక్క తనని తన్నింది. మెట్ల కోసం పార్కుకి వెళ్లేది, వెనకవైపు మెట్లకి, అటు ఎవరూ నడవరు గనక. దీని ఫ్రేము మధ్య ఖాళీ ఇరుకు, భుజం అందులో పట్టదు, అందుకని గొట్టం మెడ పక్కన ఎముక మీద కూర్చుంటుంది. అక్కడ కమిలి నల్లబడింది. రిసెప్షన్ అమ్మాయి ఒకరోజు మెడ వైపు చూసి, ఏదో అడగబోయి మానేసింది, ఆ పిల్ల కళ్లలో ఏదో జాలి కూడా కనిపించింది. సైకిలు మోశానని చెబుదామనుకుంది. ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలో తెలియక దుపట్టా పైకి లాక్కుంది. నిజంగానే ఎందుకు. అక్క లేకుండా, అక్క కన్న కలని ఇలా ఒంటరిగా మోసుకుని మెట్లెక్కడం ఎందుకు. ఎక్కి పైన నిలబడి ఆయాసపడుతుంటే చుట్టూ ఉన్న నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంటుంది. ఆ చప్పుడు బయటిది కాదని, లోపలి రక్తానిదని ఆమెకి తెలుసు. అది తెలియడం ఆమె ఉద్యోగం.

పద్దెనిమిదేళ్లుగా ఆమె చెవులు పరీక్షిస్తోంది. చప్పుడు చొరని చిన్నగది, మధ్యలో గాజుపలక, అటు కుర్చీలో మనిషి, ఇటు మీటల ముందు తను. శబ్దం వినపడగానే బటన్ నొక్కండి, ఎంత చిన్నగా వినపడినా నొక్కండి. రోజుకి పదిహేనుసార్లు ఇదే మాట. ఒక్కో సోమవారం ఈ మాట అంటున్నప్పుడు గొంతు జీరపోయి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తర్వాత పలికిన మొదటి మాట ఇదేనని అప్పుడు తెలుస్తుంది. శనివారం ఆదివారం ఎవరితోనూ మాట్లాడలేదని బాధ లేదు, కాని గొంతు ఇలా చాడీ చెప్పడం నచ్చదు. కుర్చీలో కూర్చున్నవాళ్లు అందరూ ఒకేలా చేస్తారు. వినపడకపోయినా వినపడ్డట్టు తలూపుతారు, గాజులోంచి ఆమె పెదాలు చూసి సమాధానం చెప్తారు, నాకేం బాగానే వినపడుతుందండీ, మావాళ్లే నోట్లో గొణుగుతారు అంటారు. ఆమె నవ్వి గీత గీసి చూపిస్తుంది. గీత ఇక్కణ్ణుంచి ఇలా పడిపోయిందండీ, సన్నటి శబ్దాలు మీకు అందట్లేదు. హారన్లు, ఈలలు, కుక్కర్ కూత, మనవరాలి గొంతు. వేలమందికి చూపించి ఉంటుంది ఆ గీత.

దీపం కింద చీకటి అంటారు. ఆ సామెత ఎవరు పుట్టించారో గాని, తన ఇంటి దీపం చూసే పుట్టించి ఉంటారు. అక్క చెప్పింది, పెద్దగా కూడా చెప్పలేదు, కూరగాయలు తరుగుతూ మామూలుగా చెప్పింది, "అమ్మకి సరిగ్గా వినపడట్లేదే, ఒకసారి నీ కుర్చీలో కూర్చోబెట్టు." ఆమె ఏమందో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "వారానికోసారి వచ్చే నీకు కొత్తగా అనిపిస్తోంది. రోజూ ఉండేదాన్ని, నాకు తెలీదా." అందులో అబద్ధం లేదు, అదే ఘోరం. రోజూ ఉండటం వల్లే తెలియలేదు. అమ్మ ఏంటీ అంటే ఇంకోసారి చెప్పేది, ఇంకొంచెం గట్టిగా. అదే గొంతు మర్నాటికి మామూలు గొంతయ్యేది. అలా వెంట్రుకవాసి వెంట్రుకవాసి చొప్పున మూడేళ్లు. టీవీ గట్టిగా ఉంటే తన తలుపు వేసుకునేది. వంటింట్లోకి వెళ్లేముందు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేది, అమ్మ ఉలిక్కిపడకుండా. ఎందుకు ఊపుతున్నానని ఒక్కరోజు, ఒక్కరోజైనా తనని తాను అడగలేదు. ఆస్పత్రిలో ఎవరైనా కోడలు వచ్చి, మా అత్తయ్య దగ్గరికి వెళ్లేముందు చెయ్యి ఊపాల్సి వస్తోందండీ అంటే, ఆ మాట పూర్తయ్యేలోపే చీటీ రాసేది. అక్క మాట పెడచెవిన పెట్టింది. పెట్టిన చెవి ఎవరిదీ అంటే, చెవుల మీద బతికే మనిషిది.

వెనకనుంచి వచ్చిన వ్యాను. అమ్మ చేతిలో కూరల సంచి. డ్రైవరు ఆస్పత్రి వరండాలో చేతులు నలుపుకుంటూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే చెప్పాడు, మూడుసార్లు హారన్ కొట్టానండీ, మూడుసార్లు కొట్టాను, తప్పుకుంటారనుకున్నాను. ఆయన ఏడుస్తున్నాడు. ఆయన మీద కోపం రాలేదు ఎవరికీ. మూడోసారి ఆ మాట విన్నప్పుడు అక్క మెల్లగా ఇటు తిరిగింది. అరవలేదు, తిట్టలేదు. అక్క అరిచి ఉంటే బాగుండేది, అరుపుకి అరుపు జవాబుంటుంది. "ఊళ్లో అందరి చెవులూ చూస్తావు. అమ్మవి చూడలేదు." అంతే. పుల్ల విరిచినట్టు. ఆ తర్వాత మూడు రోజులు చేయాల్సిన పనులన్నీ ఇద్దరూ పక్కపక్కనే నిలబడి చేశారు, సంతకాలు, చుట్టాలకి కబురు పెట్టడం, బట్టలు మడతపెట్టడం, మాట మాత్రం లేదు. నాలుగో రోజు ఆమె స్నానం చేసి వచ్చేసరికి అక్క వెళ్లిపోయింది. బల్ల మీద తాళంచెవి ఉంది. దానికి వేలాడే చిన్న రబ్బరు బాతు బొమ్మతో సహా. సైకిలు మాత్రం తీసుకెళ్లలేదు. పదకొండు నెలలైంది. తన మొహం చూడటం ఇష్టం లేక అంత ఇష్టపడి కొన్న సైకిలే వదులుకుందంటే, అక్కకి తన మీద ఎంత అసహ్యం ఉందో ఆ సైకిలే కొలత అనుకునేది ఆమె. రోజూ బట్టలు ఆరేయడానికి వచ్చి ఆ కొలత చూసుకుని వెళ్లేది.

అంతకన్నా గట్టి దెబ్బ తర్వాత తగిలింది, అది ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరున్నారు గనక. అమ్మ పోయిన రెండు నెలలకి, మందుల దుకాణంలో, వరసలో తన వంతు వచ్చి తలనొప్పి మాత్రలు అడిగింది. కౌంటరు వెనక అమ్మాయి కొంచెం వెనక్కి జరిగి, మర్యాదగానే అంది, "నాకు బాగానే వినపడుతోందండీ." వరసలో వెనకున్నవాళ్లు చూశారు. ఆమె ఇంకోసారి అడగబోయి, తన గొంతు తనే విన్నది. ఆ గొంతు ఎంతుందో కొలవడానికి మీటర్లు అక్కర్లేదు, ఆమెకి చెవే చాలు. గది అవతల ఉన్న వంటింటికి, టీవీ మీదుగా, కుళాయి నీళ్ల మీదుగా వినపడాల్సిన గొంతు. మూడేళ్లుగా తను మాట్లాడుతున్న గొంతు. ఆ క్షణంలో, చేతిలో మాత్రల పొట్లంతో, ఆమెకి అమ్మ చెవి గీత కళ్లముందు కనిపించింది, ఏ శబ్దం దగ్గర ఎంత కింద పడిందో, ఏది అందుతుందో ఏది అందదో, అంకెలతో సహా. తన గొంతులోనే ఆ పరీక్ష మొత్తం జరిగిపోయి ఉంది, కాగితం మీద రాయలేదంతే. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆ రోజే అక్కకి ఫోను చేసి, నువ్వన్నది నిజమే అని చెప్పాలనుకుంది. చెప్పి ఏం చెయ్యాలి. నిజమే అని అక్కకి తెలియదా. తెలిసే కదా అన్నది.

ఆరూ ఇరవై. ఆమె పంపు పక్కన కూర్చుని తన సైకిలు ముందు టైరు బొటనవేలితో నొక్కింది. బురదకి గాలి తగ్గించాలి, అప్పుడే నేలని పట్టుకుంటుంది, మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు పోతుంది. ఎంత తగ్గించాలన్నది ఎవరూ అంకెల్లో చెప్పరు, బాబాయినడిగితే వేలికి తెలుస్తుందమ్మా అంటాడు. కొంచెం వదిలింది. పక్కనున్న అక్క సైకిలు టైరు నొక్కింది, రాయిలా ఉంది. ఉంటుంది మరి, ప్రతి ఆదివారం తనే కొడుతోంది. తొక్కదు, బయటికి తీయదు, కాని వారానికోసారి గాలి కొట్టి, గొలుసుకి నూనె వేసి, బట్టతో తుడుస్తుంది. గాలి పోయి నిలబడితే రబ్బరు పగులుతుందని, అంతేనని, ఎవరూ అడగకపోయినా కారణం సిద్ధంగా పెట్టుకుంది. ఇవాళ మాత్రం లేచి నిలబడి, హ్యాండిలు పట్టుకుని, గొట్టం కింద చెయ్యి దూర్చి, ఒక్క ఊపున భుజానికెత్తింది. ఎత్తి ఆశ్చర్యపోయింది. బరువే లేదు. భుజం ఫ్రేములో ఒదిగింది, గొట్టం కమిలిన చోటుకి వెనకగా, మెత్తటి కండ మీద కూర్చుంది. గదిలో నాలుగడుగులు ఇటూ నాలుగడుగులు అటూ వేసింది. తీగ మీది తువ్వాలు మొహానికి తగిలింది. దీంతోనైతే ముప్పై మెట్లు ఎక్కగలదు, పరిగెత్తుతూ ఎక్కగలదు. దున్నపోతుతోనైతే మూడో చుట్టుకి స్ప్రింగుల మధ్య బురద గడ్డకట్టి చక్రమే తిరగదు. నిన్న బాబాయి కూడా ఆకాశం వంక చూసి, వానొస్తే నీ బండి కష్టమే అని, ఇంకేదో అనబోయి మింగేశాడు. ఇంట్లో అంత మంచి సైకిలు పెట్టుకుని అని ఉంటాడు. అందరికీ తెలుసు, అది ఎవరిదో కూడా తెలుసు.

తీసుకెళ్తే ఏమవుతుంది. బురద కడిగి మళ్లీ ఇక్కడే పెడితే అక్కకి తెలిసేదెలా. తెలుస్తుంది, ఇలాంటివి కాళ్లు లేకుండానే నడుస్తాయి. తెలిసి అక్క ఏమంటుంది. ఏమీ అనదు, అదే భయం. అమ్మనీ చూడలేదు, నా సైకిలునీ అడక్కుండా తీసుకుంది అని లోపల ఒక గీత కిందికి పడుతుంది. పోనీ పందెమే మానేస్తే. వేడిగా టీ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, తొమ్మిదికి ఈల ఊదేవేళకి ఈ ఇంట్లో తనొక్కతే కూర్చుని చూరు నీళ్లు వినొచ్చు. రేపు సోమవారం గొంతు జీరగా ఉంటుంది. ఆ ఆలోచనకి ఆమె సైకిలు భుజం మీదనుంచి దించింది. దించి, మెల్లగా గోడకి ఆనించి, చేతికంటిన నూనె తుడుచుకోకుండానే ఫోను తీసింది. ఆలోచిస్తే చెయ్యదని తెలుసు, అందుకని అక్క పేరు కనపడగానే నొక్కేసింది. చెవికి పెట్టుకుంది. మోగుతోంది. మోగితే నొక్కండి, ఎంత చిన్నగా వినపడినా నొక్కండి.

"ఏమైంది?" అంది అక్క. హలో కూడా అనలేదు. ఇంత పొద్దున్నే ఈ నెంబరు నుంచి చివరిసారి ఫోను వెళ్లింది అమ్మ గురించే.

"ఏం కాలేదు. నేను బాగానే ఉన్నా."

"ఊ."

"నీ సైకిలు గురించి చేశా."

"ఏమైంది దానికి?"

"దానికీ ఏం కాలేదు. ఇవాళ బురద పందెం ఉంది కదక్కా. నేను పేరిచ్చా. నా బండి ఈ బురదకి ఆగదు. నీది తీసుకెళ్లనా అని అడుగుదామని."

ఫోనులో నిశ్శబ్దం ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఆమె అలవాటు కొద్దీ విన్నది. స్టవ్ మంట చప్పుడు. చెంచా గిన్నె అంచుకి తగిలింది. దూరంగా చూరు నీళ్లు, అక్క వాళ్ల చూరు. వద్దంటుంది. వద్దన్నా ఫర్వాలేదు, అడిగాను.

"నువ్వు దాన్ని తీసుకెళ్తే నేను దేని మీద తొక్కనే?" అంది అక్క.

మాటలన్నీ స్పష్టంగా వినపడ్డాయి గాని అర్థం వెంటనే లోపలికి రాలేదు. "ఏంటీ?" అంది, అచ్చం అమ్మ అన్నట్టు.

"నేనూ పేరిచ్చా. ఈసారి కాగితం అంటించిన మొదటి రోజే. బాబాయికి నీతో చెప్పొద్దన్నా."

"మరి సైకిలు?"

"ఆయనే ఏదో పాతది అరువిచ్చాడు. ముందు బుట్ట ఉండేది, పీకించా. రెండు నెలల్నుంచీ దాంతోనే తంటాలు పడుతున్నా. నవ్వకు."

"నవ్వట్లేదు." నిజంగానే నవ్వలేదు. మొహం ఏం చేస్తోందో ఆమెకి తెలియలేదు. "వచ్చి తీసుకెళ్లాల్సింది. నీదేగా."

"తాళంచెవి ఇచ్చేశాగా."

"తలుపు కొట్టొచ్చుగా."

"కొడితే తీసేదానివా?"

తీసేదాన్నని అనబోయి ఆగింది. వెనకగదిలో నిలబడి, అక్క నీడ గుమ్మం మీద పడితే, ఊపిరి బిగబట్టి, వెళ్లిపోయేదాకా కదలకుండా నిలబడే తనని చూసుకుంది. "ఏమో అక్కా," అంది. "తీసేదాన్నో లేదో."

"అదే మరి." అక్క స్టవ్ ఆపేసింది. మంట చప్పుడు పోగానే గొంతు దగ్గరికొచ్చింది. "ఆ రోజు అన్నమాట అబద్ధమని నేను అనలేను. నాకు రాదు అలా అనడం."

"అనొద్దు. నిజమే అది. నాకూ తర్వాత తెలిసింది."

"నిజమే అయితే మాత్రం. ఆ వరండాలో, ఆ వ్యానువాడి ముందు, నిన్ను అలా అని ఉండాల్సింది కాదు. పదకొండు నెలల్నుంచీ గొంతులో ముల్లులా ఉంది."

ఆమె గోడవైపు తిరిగి, సున్నం పెచ్చు ఒకటి గోటితో గీకింది. ఇన్నాళ్లూ ఆ మాట తనకే గుచ్చుకుందనుకుంది. విసిరిన చేతిలో కూడా ఒక ముక్క ఉండిపోతుందని తోచలేదు. అక్క కూడా ఏదో ఒక పార్కు వెనకాల, బుట్ట పీకిన పాత సైకిలు మోసుకుంటూ, ఎవరూ చూడని మెట్లు ఎక్కుతూ ఉంది. ఒకే ఊళ్లో, ఒకే పందేనికి, ఒకే బురదకి. అక్కకీ ఇలాగే మూడో పేరు వెతుక్కోవాల్సి వచ్చిందా, ఆ గడిలో ఏం రాసిందో. అడగాలనిపించింది, అడగలేదు.

"ఉన్నావా?" అంది అక్క.

"ఉన్నా."

"దాన్నిండా దుమ్ము పట్టిందా? టైర్లు పోయాయా?"

"పోలేదు. గాలుంది. ఎక్కువే ఉంది."

"ఎలా ఉంటుంది, పదకొండు నెలలు ఎవరూ..." అక్క ఆగిపోయింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగా ఉంచడానికి అక్క కష్టపడుతోందని ఆమెకి తెలిసింది. "బురదకి తగ్గించాలి తెలుసుగా. వెనకది కొంచెం ఎక్కువ ఉంచు, నేను నీకన్నా బరువు."

"తెలుసు."

"బాబాయి బండి నాకొద్దే. దాని బ్రేకులు కూడా మంచివి కావు, ఆయన పేరు చెడగొట్టేలా ఉన్నాయి. ఎనిమిదిన్నరకి నెంబరు అంటిస్తారు. ఆలోపు తేగలవా?"

"తెస్తా."

"రెండూ ఎలా తెస్తావు?"

"ఒకదాని మీద కూర్చుని ఇంకోదాన్ని పట్టుకుని."

"పడతావు."

"పడను. పెట్టేస్తున్నా, టైమవుతోంది."

"సరే," అని, పెట్టేయకుండా, "నువ్వు నన్ను దాటేసి వెళ్తే మాత్రం ఊరుకోను," అంది అక్క, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, పెట్టేసింది.

గది అంతకు ముందున్నట్టే ఉంది. తీగ మీద తువ్వాలు, నేల మీద పంపు, గోడకి రెండు సైకిళ్లు. ఏది అన్న ప్రశ్న మాత్రం లేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అక్క సైకిలుకి గాలి వదిలింది, ముందుది బొటనవేలు దిగేదాకా, వెనకదాన్లో ఇంకొంచెం గాలి ఉంచి. తన దున్నపోతు స్ప్రింగుల మధ్య, ఏదో ఆశతో, వంటనూనె రాసింది, బురద అంటుకోకుండా జారుతుందని ఎక్కడో విన్నది. మూడో చుట్టుకి ఆగిపోతే ఆగిపోతుంది, మోసుకుని నడుస్తుంది, మోయడం వచ్చుగా. హెల్మెట్ పెట్టుకుని, ఇల్లు తాళం వేసి, రెండిటినీ గేటు బయటికి తెచ్చేసరికి ఏడు దాటి ఐదు నిమిషాలైంది. రోడ్డంతా కడిగినట్టుంది, ఆదివారం గనక మనిషి అలికిడి లేదు. ఎడమచేత్తో తన హ్యాండిలు, కుడిచేత్తో అక్క సైకిలు హ్యాండిలు మధ్య భాగం పట్టుకుని, మొదటి యాభై గజాలు తాగినవాడిలా వంకరటింకరగా వెళ్లింది. మనిషి లేని సైకిలు తన ఇష్టానికి అటు లాగుతుంది, ఇటు ఒరుగుతుంది. బలంగా పట్టుకుంటే మొరాయిస్తుంది, వేళ్లు వదులు చేస్తే పక్కనే బుద్ధిగా వస్తుంది. అది తెలిసేసరికి వీధి చివరికి వచ్చేసింది.

అక్కడ రెండు దార్లు. పదకొండు నెలలుగా ఆమె ఎడమవైపు తిరుగుతోంది, గిడ్డంగుల వెనకనుంచి, రెండు కిలోమీటర్లు చుట్టు. తిన్నగా వెళ్తే కూరల మార్కెట్టు ముందు నాలుగురోడ్ల కూడలి. ఆస్పత్రికి వెళ్లినా, పార్కుకి వెళ్లినా, ఎంత ఆలస్యమైనా ఆ కూడలి దాటలేదు. ఇవాళ చేతిలో రెండు సైకిళ్లున్నాయి, టైము లేదు, అవతల ఒక మనిషి బురదలో నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. తిన్నగా పోనిచ్చింది. కూడలి దగ్గర కాలు కింద పెట్టి ఆగింది. మార్కెట్టు మూసి ఉంది. దీపాలు ఎవరికోసమో ఎర్రబడి, పచ్చబడి, మళ్లీ ఎర్రబడుతున్నాయి. చీపురు పట్టుకుని నీళ్లు కాలవలోకి తోస్తున్న పెద్దాయన, ప్లాస్టిక్ కోటు వేసుకుని, ఆమెవైపు, సైకిళ్లవైపు చూసి చేతిపని ఆపాడు. అమ్మ ఎక్కడ నిలబడిందో, సంచి ఎక్కడ పడిందో ఆమెకి ఎవరూ చూపించలేదు, చూపించొద్దంది. ఇప్పుడు చూస్తే రోడ్డు రోడ్డులాగే ఉంది, నల్లగా, తడిగా, ఎటు చూసినా ఒకేలా.

"ఒక్కదానివే, రెండు సైకిళ్లెందుకమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఒకటి మా అక్కదండీ," అంది ఆమె. "పందెం ఉంది మాకు."

"అయితే పో తల్లీ, ఏ బండీ రావట్లేదు," అని ఆయన చీపురు చాచి దారి చూపించాడు. ఆమె అయినా ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది, వెనక్కి తిరిగి చూసింది. తర్వాత పెడలు మీద కాలు వేసి, రెండు సైకిళ్లనీ ఒక్కసారే కదిలించి, కూడలి దాటింది.